కొవ్వు, షుగరు, క్యాన్సర్: మా అమ్మ విషయంలో డాక్టరు గారు చెప్పిన మాట అర్థం కావడానికి సాయం కోరుతున్నాను

సాగరతీరం:

సభ్యులందరికీ నమస్కారం. మేము విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాము. మా అమ్మకు 63 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరుకు మందులు వాడుతోంది. నా పెళ్ళి నాటికే ఆమె బాగా ఒళ్ళు చేసి ఉండేది. రెండు నెలల క్రితం ఆమెకు గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. జబ్బు గర్భాశయం దాటలేదని, మొదటి దశలోనే ఉందని చెప్పారు.

ఇంటికి పంపే రోజున అక్కడి డాక్టరు గారు, అమ్మకు వచ్చిన ఈ రెండు జబ్బులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావని, రెండింటికీ ఆమె పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వుతో సంబంధం ఉందని అన్నారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ "నా తిండే నన్ను ఇక్కడికి తెచ్చింది" అని కుమిలిపోతోంది. దానికి తోడు, తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుందని చుట్టాలు చెప్పడంతో అన్నం, పండ్లు, పాలు అన్నీ మానేసి, రోజుకు రెండు చపాతీ ముక్కలతో సరిపెడుతోంది.

ఒంట్లో ఊరికే పడి ఉండే కొవ్వు ఒకవైపు షుగరును, మరోవైపు క్యాన్సర్‌ను ఎలా తెచ్చిపెడుతుంది? మా అమ్మకు నేను ఏమని చెప్పాలి? తెలిసినవారు వివరంగా రాస్తే రుణపడి ఉంటాను.

జీవరసాయనం:

అమ్మా, మీ ప్రశ్నలోనే "ఊరికే పడి ఉండే కొవ్వు" అన్న మాట ఉంది. వైద్య విద్యార్థులకు ముప్పై ఏళ్ళకు పైగా శరీర ధర్మశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో కొవ్వు కణజాలానికి మేము కేటాయించినది ఒక్క గంట. అది శక్తిని దాచిపెట్టే సంచి, చలి నుంచి కాపాడే దుప్పటి, అవయవాలకు దెబ్బ తగలకుండా ఉంచే దిండు అని చెప్పి ముగించేవాళ్ళం.

ఆ అభిప్రాయాన్ని మార్చినవి ప్రధానంగా రెండు పరిశోధనలు. 1993లో హోతమిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం బరువు పెరిగిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే, వాపును రగిలించే పదార్థం తయారవుతోందని, అది చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని చూపింది. మరుసటి ఏడాది, 1994లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. ఇది కొవ్వు కణాల్లోనే తయారై, రక్తం ద్వారా మెదడుకు చేరి, ఒంట్లో నిల్వ ఎంత ఉందో చెబుతుంది. ఆ తరువాత అడిపోనెక్టిన్ బయటపడింది. దాని ప్రత్యేకత ఏమిటంటే, కొవ్వే దాన్ని తయారుచేస్తుంది, కానీ కొవ్వు పెరిగేకొద్దీ రక్తంలో దాని మోతాదు తగ్గిపోతుంది. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడే హార్మోన్ అది. అంటే కొవ్వు థైరాయిడ్ లాగానే, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం లాగానే హార్మోన్లు పంపే అవయవం. శరీరంలో అంతటి పెద్ద గ్రంథి మరొకటి లేదు.

మరి ఆ అవయవం ఎప్పుడు చెడుతుంది? మన పల్లెటూళ్ళలో పాతకాలపు ఇళ్ళలో గాదెలు ఉండేవి. గాదెలో ధాన్యం ఉండడం సిరి. గాదె నిండిపోయి, ఇంకా బస్తాలు వస్తూనే ఉంటే ఆ ధాన్యాన్ని వాకిట్లో, వంటింట్లో, మంచం కింద పోయవలసి వస్తుంది. చర్మం కింద ఉండే కొవ్వు మన గాదె. కాలేయం, కండరాలు, క్లోమం కొవ్వు నిల్వకు కట్టిన గదులు కావు. పెద్దవాళ్ళలో కొవ్వు కణాల సంఖ్య పెద్దగా మారదని, ఏటా సుమారు 10 శాతం కణాలు చనిపోయి వాటి స్థానంలో కొత్తవి వస్తుంటాయని 2008లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. అణుబాంబు పరీక్షల కాలంలో గాలిలో కలిసిన కార్బన్-14 ఆధారంగా కణాల వయసు లెక్కగట్టి వారు ఈ సంగతి కనుగొన్నారు. అందువల్ల బరువు పెరిగినప్పుడు ప్రధానంగా ఉన్న కణాలే ఉబ్బుతాయి.

బాగా ఉబ్బిన కణానికి రక్తనాళాల నుంచి ప్రాణవాయువు సరిగా అందదు. చుట్టూ నారలాంటి పదార్థం గట్టిపడుతుంది. కొన్ని కణాలు చనిపోతాయి. చనిపోయినదాన్ని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు వచ్చి, దాని చుట్టూ కిరీటంలా చేరతాయి. కొవ్వు కణజాలంలో వీటి గుంపులు బరువుతో పాటు పెరుగుతాయని 2003లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. దెబ్బ తగిలిన చోట వచ్చే వాపు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఇది మాత్రం నొప్పి తెలియకుండా ఏళ్ళ తరబడి నివురుగప్పిన నిప్పులా ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న కొవ్వు కణానికి ఇన్సులిన్ ఇచ్చే ఆజ్ఞ "నిల్వను బయటకు వదలకు" అన్నది. వాపు పట్టిన కణం ఆ ఆజ్ఞను సరిగా వినదు. కొవ్వు ఆమ్లాలు బయటకు కారుతాయి. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి అయితే అవి నేరుగా కాలేయానికి పోతాయి. అక్కడా కండరాల్లోనూ పేరుకుని ఇన్సులిన్ సంకేతాన్ని మధ్యలోనే ఆపుతాయి. దానితో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అలా ఏళ్ళ తరబడి పనిచేసి, అది అలసిపోయిన రోజున మనం "షుగరు వచ్చింది" అంటాము. నిజానికి ఆ రోజుకు చాలా ఏళ్ళ ముందు నుంచే రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటూ వచ్చింది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. క్యాన్సర్ సంగతి వచ్చినప్పుడు మళ్ళీ దీని దగ్గరకే రావాలి.

ఉక్కునగరం:

మాస్టారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. నాదొక సందేహం. నేను స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైర్ అయ్యాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. ఎప్పుడూ ఎవరూ నన్ను లావు అనలేదు. అయినా 49వ ఏట షుగరు వచ్చింది. మా ఇంట్లో నా భార్య నాకంటే 14 కిలోలు ఎక్కువ ఉంటుంది, ఆమెకు షుగరు లేదు. కొవ్వే కారణమైతే ఇది తలకిందులుగా ఎందుకు జరిగింది?

జీవరసాయనం:

మీ బరువు, ఎత్తు లెక్కవేస్తే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే కొలమానం, 22 వస్తుంది. సరిగ్గా ఇలాంటి అంకె మీద 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న, చక్కని వ్యాసం వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో అందులో ఉంటుంది. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ గారి శరీరంలో కొవ్వు 9.1 శాతం అయితే, యాజ్ఞిక్ గారి శరీరంలో 21.2 శాతం. మనవాళ్ళలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్టలోపల ఎక్కువ. ఇది పుట్టుకతోనే మొదలవుతుందని కూడా యాజ్ఞిక్ గారి బృందమే చూపింది. పుణె ప్రాంతపు పల్లెల్లో పుట్టిన శిశువులు ఇంగ్లండు శిశువుల కంటే సుమారు 800 గ్రాములు తక్కువ బరువుతో పుట్టినా, వారి ఒంటి మీది కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు.

కనుక మీ గాదె చిన్నది, మీ భార్యగారి గాదె పెద్దది. ఆమె కొవ్వు తొడల మీద, చర్మం కింద భద్రంగా ఉండి ఉండవచ్చు. మీది 62 కిలోలకే నిండిపోయింది. నమ్మశక్యం కాకపోతే ఒక అరుదైన జబ్బు సంగతి చూడండి. లైపోడిస్ట్రఫీ అనే ఆ జబ్బులో చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. కండలు, నరాలు తేలి కనిపించే ఆ రోగులకు చాలా తీవ్రమైన మధుమేహం, కాలేయం నిండా కొవ్వు ఉంటాయి. గాదె లేని ఇల్లు అది. పయోగ్లిటజోన్ అనే షుగరు మందు చర్మం కింద కొత్త కొవ్వు కణాలు తయారయ్యేలా చేస్తుంది. రోగి కొంత బరువు పెరుగుతాడు, కానీ షుగరు తగ్గుతుంది.

మీరు ఒకసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుము కొలవండి. మనవాళ్ళలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలోపలి కొవ్వు ఎక్కువగా ఉన్నట్టే భావిస్తారు. బీఎంఐలో కూడా మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం.

ఉక్కునగరం:

ఇప్పుడే కొలిచాను. 94 వచ్చింది. ఇరవై ఏళ్ళుగా డాక్టర్ల దగ్గరకు తిరుగుతున్నాను, బరువు చూశారు తప్ప నడుము ఎవరూ కొలవలేదు.

ప్రసూతివార్డు:

సాగరతీరం గారూ, నేను స్త్రీల వైద్యురాలిని. జీవరసాయనం మాస్టారు పునాది వేశారు కనుక మీ అమ్మగారి జబ్బు దగ్గరకు వస్తాను. బరువుతో అతి బలమైన సంబంధం ఉన్న క్యాన్సర్లలో గర్భాశయ లోపొర క్యాన్సర్‌ది ముందు వరుస.

నెలసరి ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను తయారుచేయడం దాదాపు మానేస్తాయి. కానీ ఒంట్లో ఈస్ట్రోజెన్ పూర్తిగా పోదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే పురుష హార్మోన్లను కొవ్వు కణజాలంలో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువ ఉంటే ఈ మార్పిడి అంత ఎక్కువ. యవ్వనంలో ఈస్ట్రోజెన్ లోపొరను పెంచితే, ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ ఆ పెరుగుదలకు కళ్ళెం వేస్తుంది, ఆపై నెలసరి ఆ పొరను బయటకు పంపుతుంది. ముట్లుడిగాక ప్రొజెస్టిరాన్ ఉండదు, నెలసరి ఉండదు. పెంచే చేయి ఒక్కటే మిగులుతుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆ పొర ఆగకుండా విభజన చెందుతూ ఉంటే, ఎక్కడో ఒక కణంలో డీఎన్‌ఏ నకలు తప్పుగా పడుతుంది. ఆ తప్పులు పోగుపడితే క్యాన్సర్.

ఇప్పుడు మాస్టారు గుర్తుంచుకోమన్న ఇన్సులిన్ దగ్గరకు వద్దాం. ఇన్సులిన్ చక్కెరను కణంలోకి పంపే హార్మోన్ మాత్రమే కాదు. అది కణాలను "పెరుగు, చావకు" అని ప్రోత్సహించే హార్మోన్ కూడా. గర్భాశయ లోపొర కణాల మీద దాని గ్రాహకాలు, అంటే ఆ సంకేతాన్ని అందుకునే అణువులు, ఉంటాయి. అంతేకాక, ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్‌ను రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్ అది. అది తగ్గితే స్వేచ్ఛగా తిరిగే ఈస్ట్రోజెన్ ఇంకా పెరుగుతుంది. అంటే కొవ్వు ఒక చేత్తో ఈస్ట్రోజెన్‌ను తయారుచేసింది, మరో చేత్తో, ఇన్సులిన్ ద్వారా, దానికి కట్లు విప్పింది. మీ అమ్మగారికి షుగరు, క్యాన్సర్ ఒకే చోట నుంచి వచ్చాయని డాక్టరు గారు అన్నది ఇందుకే.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని చెప్పడానికి తగిన ఆధారాలు ఉన్నాయని ప్రకటించింది. ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, పెద్దపేగు, కాలేయం, క్లోమం, మూత్రపిండం, పిత్తాశయం, అండాశయం వాటిలో ఉన్నాయి. అన్నిటికీ దారి ఒకటే కాదు. కాలేయ క్యాన్సర్‌కు కొవ్వు పట్టిన కాలేయం, దాని వాపు ప్రధానమైన దారి. అండాశయ క్యాన్సర్ పొట్టలోని వప అనే కొవ్వు పొరకు పాకడం మేము తరచుగా చూస్తాము. అక్కడి కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలను తీసుకుని క్యాన్సర్ కణాలు ఇంధనంగా వాడుకుంటాయని 2011లో తేలింది.

మీరు అనుమతిస్తే ఒకటి అడుగుతాను. అమ్మగారికి మొదట ఏ లక్షణం కనిపించింది?

సాగరతీరం:

డాక్టరు గారూ, నమస్కారాలు. ముట్లుడిగి పన్నెండేళ్ళయ్యాక మచ్చలా రక్తం కనిపించిందట. అమ్మ వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగింది. మూడు నెలలకు మా ఇంటికి దగ్గరలోని ఒక క్లినిక్‌కు వెళితే, వయసులో ఇలాంటివి మామూలేనని బలానికి మాత్రలు రాసి పంపారు. నాకు ఎనిమిది నెలల తరువాత, ఉతకడానికి వేసిన చీర మీద మరక చూసినప్పుడు తెలిసింది. నేను ఒకే ఇంట్లో ఉండి కూడా గమనించలేకపోయాను. ఈ బాధ నన్ను వదలడం లేదు.

ప్రసూతివార్డు:

ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, అది వేడి కాదు, మామూలు కాదు. స్కాన్ తీసి లోపొర మందం చూడాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అలా రక్తం కనిపించిన వారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కానీ ఈ క్యాన్సర్ వచ్చిన వారిలో అత్యధికులకు మొదట కనిపించేది ఆ రక్తమే. చాలామందిలో ఇది మొదటి దశలోనే దొరకడానికి కారణం కూడా అదే. మీ అమ్మగారు ఆ అదృష్టానికి నోచుకున్నారు. మీరు మరక చూసి ఊరుకోలేదు, అది చిన్న విషయం కాదు.

చోడిఅంబలి:

నేను ఆహార నిపుణురాలిని. అమ్మగారు అన్నం మానేశారన్న మాట చదివి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడతాయన్నది నిజమే. జర్మనీలో ఆటో వార్‌బర్గ్ 1920ల్లోనే ఆ సంగతి గమనించాడు. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ పనిచేసేది ఆ సూత్రం మీదే. కానీ దాని నుంచి "తీపి మానితే క్యాన్సర్ మాడిపోతుంది" అన్న నిర్ణయానికి రావడం పొరపాటు. మనం ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలో గ్లూకోజును నిలబెడుతుంది, అందుకు ప్రోటీన్ కావాలంటే కండను కరిగిస్తుంది. అంటే ఆకలితో ఉన్న మీ అమ్మగారు క్యాన్సర్‌ను మాడ్చడం లేదు, తన కండను కోల్పోతున్నారు. ఆపరేషన్ గాయం మానడానికి ప్రోటీన్ కావాలి. చక్కెరను కండరాలే ఎక్కువగా తీసుకుంటాయి కనుక, కండ తగ్గితే షుగరు అదుపు ఇంకా కష్టమవుతుంది. షుగరు మాత్రలు వేసుకుంటూ తిండి మానేస్తే, వాటిలో కొన్నిటితో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల మోతాదు గురించి ఈరోజే డాక్టరు గారికి ఫోన్ చేయండి.

నా దగ్గరకు వచ్చేవారికి చెప్పేది ఇదే. పళ్ళెంలో అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, చేప, కూరగాయ పెట్టుకోండి. పూర్ణా మార్కెట్‌లో దొరికే చిన్న చేపలు ఖరీదైనవి కావు. మన ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ షుగరు ఉన్నవారు దాన్ని అన్నంతో పాటు కాక, అన్నానికి బదులుగా తాగాలి. అంబలి మందు అనుకుని భోజనం మీద అదనంగా రెండు గ్లాసులు తాగేవారిని చాలామందిని చూశాను.

భీమిలిరోడ్డు:

చర్చ బాగుంది, అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. లావుగా ఉన్నవారిలో క్యాన్సర్ ఎక్కువ అన్నంత మాత్రాన లావే కారణమని ఎలా అంటాము? వారు కదలిక తక్కువగా ఉన్నవారు కావచ్చు, పరీక్షలకు ఆలస్యంగా వచ్చేవారు కావచ్చు. షుగరుకూ క్లోమ క్యాన్సర్‌కూ మధ్య అయితే ఏది ముందు, ఏది వెనుక అన్నదే స్పష్టంగా లేదని చదివాను. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ను కూడా ఆపుతుందని కొందరు అంటారు. ఆధారం ఉందా?

జీవరసాయనం:

ఇది అడగవలసిన ప్రశ్నే. క్లోమం విషయంలో మీరు అన్నది సరైనది. అక్కడ దారి రెండు వైపులా ఉంది. చాలాకాలంగా ఉన్న షుగరు క్లోమ క్యాన్సర్ ప్రమాదాన్ని కొంత పెంచుతుంది. దాగి ఉన్న క్లోమ క్యాన్సర్ కొత్తగా షుగరును తెస్తుంది కూడా. అందుకే యాభై దాటినవారికి, బరువు తగ్గుతూ ఉండగా హఠాత్తుగా షుగరు వస్తే, డాక్టరుకు ఆ రెండు సంగతులూ కలిపి చెప్పాలి.

మిగిలిన సందేహానికి జవాబు రెండు వైపుల నుంచి వస్తుంది. బరువు పెరగడానికి మొగ్గు చూపే జన్యువులతో పుట్టినవారిలో, వారి అలవాట్లతో నిమిత్తం లేకుండా, గర్భాశయ లోపొర క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. జన్యువులు పుట్టుకతో వచ్చేవి కనుక, జబ్బు వల్ల అవి మారాయని అనలేము. ఇక బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్న సుమారు 5,000 మందిని, చేయించుకోని 25,000 మందితో పోల్చి 2022లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, స్థూలకాయంతో ముడిపడిన క్యాన్సర్లు 32 శాతం తక్కువగా వచ్చాయి. ఇది చీటీ వేసి మనుషులను రెండు జట్లుగా విడదీసి చేసిన ప్రయోగం కాదు కనుక దీన్ని ఒంటరిగా నిలబెట్టను. జన్యువుల సాక్ష్యంతో కలిపి చూస్తే మాత్రం కొవ్వే కారణమన్న మాటను నేను నమ్ముతాను.

మెట్‌ఫార్మిన్ విషయంలో ఆశ నిలబడలేదు. షుగరు లేని 3,600 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితం 2022లో వచ్చింది. ఐదేళ్ళు మందు వాడినా జబ్బు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. షుగరుకు అది మంచి మందు, దాన్ని అందుకే వాడాలి.

ఇక అమ్మకు ఏమని చెప్పాలన్న సాగరతీరం గారి రెండవ ప్రశ్న మిగిలింది. 1997లో కేంబ్రిడ్జి పరిశోధకులు లెప్టిన్ పుట్టుకతోనే లేని ఇద్దరు పిల్లలను గుర్తించారు. వారి ఆకలి ఎంత తిన్నా తీరేది కాదు. తరువాత లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఆ ఆకలి తగ్గింది, బరువు దిగింది. ఆ పిల్లల తల్లిదండ్రులు అంతకు ముందు ఎన్ని నిందలు పడి ఉంటారో ఆలోచించండి. మీ అమ్మగారికి ఆ లోపం ఉందని కాదు. ఆకలి కూడా రక్తంలో నడిచే సంకేతమేనని చెప్పడానికి రాశాను. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, మనిషికీ మనిషికీ బరువులో ఉండే తేడాలో 40 నుంచి 70 శాతం జన్యువుల వాటా. మిగిలినదంతా తిండి మీద అదుపు లేకపోవడమేనని అనడానికి లేదు. అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారేయలేక తిన్న తల్లులు ఎందరో మనకు తెలుసు.

గాజువాక:

నేను ఎప్పుడూ ఇక్కడ రాయలేదు. ప్రసూతివార్డు గారు రాసినది చదివాక రాస్తున్నాను. నాకు 57 ఏళ్ళు, నెలసరి ఆగి ఆరేళ్ళు. పోయిన నెలలో రెండుసార్లు అలా కనిపించింది. షుగరు కూడా ఉంది. కోడలికి చెప్పడానికి మొహమాటపడ్డాను. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ఏ విభాగానికి వెళ్ళాలి?

ప్రసూతివార్డు:

అమ్మా, స్త్రీల వైద్య విభాగం ఓపీకి వెళ్ళండి. "ముట్లుడిగాక రక్తం కనిపించింది" అని ఈ మాటల్లోనే చెప్పండి. తెల్లబట్ట అనో, నీరసం అనో మొదలుపెట్టవద్దు. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి. కోడలికి ఈ రాత్రే చెప్పండి. తోడు ఎవరైనా ఉంటే మంచిది. ఫలితం ఏదైనా ఇక్కడ రాయాలనిపిస్తే రాయండి.

సాగరతీరం:

మాస్టారు రాసిన గాదె సంగతి అమ్మకు చదివి వినిపించాను. శృంగవరపుకోట దగ్గర మా తాతగారి ఇంట్లో అలాంటి గాదె ఉండేదట. చాలాసేపు దాని గురించే మాట్లాడింది. ఆఖరి మాట, పారేయలేక తిన్న అన్నం మాట, చదివినప్పుడు ఏమీ అనలేదు. కాసేపటికి పప్పు ఏం చేశావని అడిగింది. కొద్దిగా అన్నం, పప్పు, ఒక గుడ్డు తింది. డాక్టరు గారితో మాట్లాడితే షుగరు మాత్ర ఒకటి సగం చేశారు.

నా నడుము 86 సెంటీమీటర్లు. నాకు 38 ఏళ్ళు. సోమవారం పరగడుపున రక్తపరీక్షకు వెళుతున్నాను. గాజువాక అమ్మగారూ, కేజీహెచ్‌కు తోడు కావాలంటే మంగళవారం నేను సెలవు పెట్టగలను, ఇక్కడే ఒక మాట రాయండి.